బావా అని పిలిచే కంపెనీ

మాడుగులపల్లి దగ్గర మా అక్కకు రెండెకరాల పొలం ఉంది. కాగితాల్లో అది మా బావది. నాటు వేసేది, కలుపు తీసేది, గట్టు మీద కూర్చుని దానితో మాట్లాడేది మాత్రం మా అక్క. ఆ పొలం నిలుస్తుందా పోతుందా అన్న సంగతి ఒక ఎండాకాలం వచ్చి నా గొంతు మీద కూర్చుంది. నేనేమీ పాటగాణ్ని కాదు. ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడాను, అంతే. ఆ నాలుగు మాటలు ఎక్కడెక్కడ తిరిగాయో, ఎవరెవరి జేబుల్లో మోగాయో తలుచుకుంటే ఇప్పటికీ అది నాకు జరిగినట్టు ఉండదు. మధ్యాహ్నం కునుకులో వచ్చిన కలలాగా ఉంటుంది.

ఎనిమిదో తరగతితో నేను బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా లెక్కల సారు అనేవాడు. ఎవరు ఎవర్ని మానేసినా ఇద్దరం సుఖపడ్డాం. ఆ తర్వాత సూర్యాపేటలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో కుదిరాను. పగిలిన అద్దాలు మార్చడం నా పని. ఆ పని కంటే, అద్దం మారేలోపు వచ్చినవాళ్లకు విసుగు పుట్టకుండా చూడడమే నాకు బాగా వచ్చు.

ఒకరోజు తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన పగిలిన ఫోన్ పట్టుకొచ్చి గంటసేపు కూర్చున్నాడు. నేను గిరాకీలతో మాట్లాడుతుంటే వింటూ ఉన్నాడు. ఆయనది రాష్ట్రం సరిహద్దున ఉన్న కోదాడ. మాటలో సగం ఇటు, సగం అటు.

"ఏమయ్యా, తెలియనోళ్లతో కూడా ఇట్లాగే మాట్లాడతావా?" అన్నాడు.

"తెల్వనోళ్లతోని ఇంకా మంచిగ మాట్లాడుత సార్. వాళ్లకు నా సంగతి తెల్వదు గద!"

ఆయన నవ్వి తన నంబరు రాసిచ్చాడు. వారం తిరగకుండానే నేను కోదాడలో ఉన్నాను.

కంపెనీ అంటే అప్పటికి ఎరువుల దుకాణం మీద ఒక గది. ఐదు కుర్చీలు, ఐదు ఫోన్లు, కిటికీలోంచి విజయవాడ రోడ్డు. కింద యూరియా బస్తాల వాసన మెట్లెక్కి మా దగ్గరికి వచ్చేది. కంపెనీకి ఫోన్లో ఆడే రమ్మీ ఆట ఒకటి ఉంది. నిజం పేక, నిజం పైసలు, మనుషులు మాత్రం ఒకరికొకరు కనిపించరు. ఆట మొదలుపెట్టి మూడు రోజులుగా అటు తిరిగి చూడనివాళ్లను వెనక్కి పిలవడం మా ఐదుగురి పని. ఏం మాట్లాడాలో కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు. 'నమస్కారం సార్, మీ కోసం ఒక ప్రత్యేక' అనేవరకే మాకు అవకాశం దొరికేది. ఆ ప్రత్యేకమైనది ఏమిటో ఈ జిల్లాలో ఒక్కరూ వినలేదు.

మూడో రోజు నాకు విసుగొచ్చింది. కాగితం బోర్లా పెట్టి, ఆత్మకూర్ (ఎస్) ఊరి నంబరు ఒకటి కలిపి, "బావా, నేను" అన్నాను.

అవతల వెనక ఎక్కడో కోడి కూసింది.

"ఎవరూ?"

"గంతేలే బావ. ఇగ నన్నేం గుర్తు వడతవ్! పెద్దోనివైనవ్."

"అరె, గట్లెందుకంటవ్ర? మా మేనత్త కొడుకువా?"

"ఏదో ఒక అత్త కొడుకునే గద బావ!"

"మొన్న పెండ్లిల కలిసినం సూడు, గాడ... పచ్చంగి?"

"హమ్మయ్య, అంగి అన్నా గుర్తున్నది."

పది నిమిషాలు మాట్లాడాడు. వాళ్ల బర్రె ఈనిన సంగతి, బోరు ఎండిన సంగతి చెప్పాడు. చివరికి నేను, "బావ, ఒక్క ఆట ఏద్దాం, వస్తవా?" అన్నాను. "నువ్వు రమ్మన్నంక రాకుంటనా?" అన్నాడు. వచ్చాడు. ఫోన్ పెట్టేసరికి తెల్లచొక్కా ఆయన నా వెనక నిలబడి ఉన్నాడు.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది, ఎవరూ రాసిపెట్టింది కాదు. చుట్టం ఎదురైతే గుర్తుపట్టలేదనడం తప్పు. పెళ్లిళ్లలో మూడు వందల మందిని చూస్తాం, ఎవరికి ఎవరు ఏమవుతారో అక్కడికక్కడే మరిచిపోతాం, కానీ మరిచిపోయామని చచ్చినా ఒప్పుకోం. పైగా బావ బావమరదుల వరస అంటే ఎదుటివాణ్ని గిచ్చడానికీ, పందెం కట్టడానికీ పుట్టినప్పుడే రాసిచ్చిన హక్కు. బావమరిది రమ్మంటే బావ పోకపోతే ఊరంతా నవ్వుతుంది. ఈ సంగతి పట్నంలో ఆట తయారుచేసినవాళ్లకు తెలియదు. కంపెనీకి నేను చెప్పాను. చెప్పినప్పుడు ఎంత గొప్పగా అనిపించిందో!

మరునాడు అచ్చు కాగితాలు చెత్తబుట్టలో పడ్డాయి. వయసు పైబడినవాళ్లకు మామా, ఆడవాళ్లకు వదినా, మిగిలిన లోకమంతా బావ. ఆరు నెలల్లో గది పక్కన గది వచ్చింది. తర్వాత పై అంతస్తు, సూర్యాపేట బైపాస్ మీద అద్దాల బిల్డింగు, మిర్యాలగూడలో ఇంకొకటి. అద్దాల బిల్డింగులో మెట్లు ఉండగా మెట్లెక్కేవాళ్లు లేరు, లిఫ్టు ముందు వరస కట్టేవాళ్లు. నా మెడలో కార్డు వేలాడేది. దాని మీద శిక్షకుడు అని ఉండేది. ఎంబీఏ చదివిన పిల్లలను నా ముందు కూర్చోబెట్టేవాళ్లు. నేను వాళ్లకు నేర్పింది ఒకటే: "గుర్తు పట్టలేదా" అని అడిగాక రెండు క్షణాలు ఆగాలి. ఆ రెండు క్షణాల్లో అవతలి మనిషి తన చుట్టాలందరి ఇళ్లూ తిరిగి వస్తాడు. అలసిపోయి వస్తాడు. అప్పుడు ఏం చెప్పినా వింటాడు.

ఒక పిల్ల నోట్సులో రాసుకుని, "సార్, ఆ రెండు క్షణాలు మనం ఏం చేయాలి?" అని అడిగింది.

"ఊపిరి తీసుకోవాలమ్మా," అన్నాను. అదీ రాసుకుంది.

పిలవవలసినవాళ్లు వేలు దాటాక మనుషుల నోళ్లు సరిపోలేదు. నా గొంతు రికార్డు చేసి పెట్టుకుందామన్నారు. కోదాడలోని ఆ మొదటి గది కిటికీ మూసి, నాలుగు గోడలకూ బొంతలు వేలాడదీశారు. ఎవరెవరి ఇళ్ల నుంచో తెచ్చిన పాత బొంతలు, ఒక్కో ముక్క ఒక్కో చీరది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటే లారీల మోత ఆగిపోయింది. నా మాట నా నోటి దగ్గరే మెత్తగా పడిపోతోంది, దూది మీద గింజ పడ్డట్టు. అంత నిశ్శబ్దంలో నేను అప్పటిదాకా లేను. ఎవరి ముఖమూ ఎదురుగా లేకుండా మాట్లాడడం కష్టమనిపించి, కళ్లు మూసుకుని మా బావను తలుచుకున్నాను. అదీ నేను చేసిన పని. మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసే మా సొంత బావ, అక్క మొగుడు, ఎదురుగా నిలబడ్డాడనుకుని అన్నాను:

"బావా, యాడున్నవ్? ఏం జేస్తున్నవ్? మనోళ్లందరు కూసున్నరు. నీ జాగ ఖాళీగున్నది. జర జల్ది రా."

ఇంకోసారి అనమని కూడా అడగలేదు. అంత బాగా వచ్చింది.

ఆ తర్వాత నా గొంతు నన్ను వదిలిపెట్టి తిరగడం మొదలుపెట్టింది. మోతెలో టీ తాగుతుంటే పక్క బెంచీ మీద ఎవరి ఫోన్లోనో వినిపించింది. బస్సులో వెనక సీట్లో వినిపించింది. ఒకసారి సూర్యాపేటలో మంగలి దుకాణంలో సబ్బు పూసుకుని కూర్చుంటే మంగలి జేబులోంచి నేను "యాడున్నవ్" అన్నాను. "గీడనే ఉన్న," అన్నాడతను, నా చెంప మీద కత్తి పెట్టి. ఎండలో దారి మీద నీళ్లలా మెరిసేది దగ్గరికి పోతే ఉండదు చూడండి, నా గొంతు అట్లా ఉండేది. ఎక్కడికి పోయినా ముందే అక్కడుంది, పట్టుకుందామంటే లేదు.

అప్పుడు మా రాష్ట్రంలో పైసలతో ఆడే ఫోన్ ఆటలు బంద్ అన్నారు. అవతలి రాష్ట్రంలో ఇంకా అనలేదు. మీరున్న చోట ఈ ఆట లేదని ఫోన్లు చెప్పడం మొదలుపెట్టాయి. కంపెనీ పని అయిపోయిందనుకున్నాం. తెల్లచొక్కా ఆయన మాత్రం కిటికీలోంచి విజయవాడ రోడ్డు చూస్తూ, "అవతల ఎంత దూరం చెప్పు? బండి మీద పావుగంట," అన్నాడు.

అంతే. జనం హద్దు దాటిపోయి ఆడారు. చెబితే నమ్మరు గానీ కోదాడ అవతల మామిడితోటలో మధ్యాహ్నం పూట బండ్లు వరసగా నిలబడి ఉండేవి. ఒక్కో బండి మీద ఒక్కో మనిషి, ఒక్కో మనిషి ముఖం మీద ఫోన్ వెలుగు. మాటలు లేవు. ఆకుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా వాళ్ల వీపుల మీద కదిలేది. జాతరకు వచ్చినంత జనం, గుళ్లో ఉన్నంత నిశ్శబ్దం. కంపెనీ నన్ను అక్కడ మజ్జిగ పాకెట్లు పంచమని పంపింది. శిక్షకుణ్ని మజ్జిగకు పంపారని చిన్నబుచ్చుకోలేదు. నాకు ఆ తోట నచ్చింది. కలలో నడుస్తున్నట్టు మనుషుల మధ్య నడిచేవాణ్ని, ఒక్కరూ తలెత్తేవారు కాదు.

తర్వాత మిర్యాలగూడ అవతల కృష్ణ మీది వంతెన దగ్గరికి పంపారు. వంతెన దాటితే చాలు ఆట తెరుచుకుంటుంది. నది మీద నుంచి వేడిగాలి, కింద నీళ్లు తక్కువ, రాళ్లు ఎక్కువ. వంతెన కొసకు, తుమ్మచెట్టు నీడలో, ఊక దుమ్ము పట్టిన చొక్కాతో కూర్చుని ఉన్నాడు మా బావ.

నన్ను చూసి దొరికిపోయినవాడిలా ముఖం పెట్టలేదు. సంబరపడ్డాడు.

"వచ్చినవారా బామ్మర్ది! పిలుసుడే గని నువ్వు రావేందని సూస్తున్న."

"నేనెప్పుడు పిలిసిన బావ?"

"రోజు పిలుస్తనే ఉంటివి. మొదటిపాలి అయితే నేను మాట్లాడుతనే ఉన్న, నువ్వు నీదే నువ్వు చెప్పుకొని పెట్టేసినవ్. నీకది అలవాటేనాయె, నన్నెన్నడు మాట్లాడనిచ్చినవ్ గనక!"

"బావ, అది మిషిన్."

"తర్వాత సమజైంది లే. మిషినైతేంది, గొంతు నీదే గద. నువ్వు జాగ ఉంచిన అంటె నేను పోకపోతే ఏం మంచిగుంటది?"

నా చేతిలో మజ్జిగ పాకెట్లు వేడెక్కుతున్నాయి. ఒకటి ఇచ్చాను. మూతి కొరికి తాగి మళ్లీ ఫోన్లోకి దిగిపోయాడు.

ఆ రోజే మిల్లు వెనక ఉన్న వాళ్ల ఇంటికి పోయాను. అక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చేట ఆపకుండానే చెప్పింది. ఆటలో పోయిన పైసల కోసం బావ అమ్మకానికి పెట్టిన పొలం చూడడానికి మనుషులు వచ్చి పోయారట. గట్టు మీద నడుస్తూ అడుగులు కొలిచారట. శుక్రవారం రిజిస్ట్రేషన్.

"నీ మాట ఇంటడు తమ్మి. నువ్వు చెప్పు," అంది.

ముందు తెల్లచొక్కా ఆయన దగ్గరికి పోయాను. ఆయన కసురుకోలేదు, కుర్చీ వేయించి టీ తెప్పించాడు. అక్క పొలం సంగతి చెప్పాను. నా గొంతు తీసేయమన్నాను.

"నీ గొంతు నీ దగ్గరే ఉందిగా, ఇదిగో మాట్లాడుతున్నావ్," అన్నాడు. "కంపెనీ దగ్గరున్నది కంపెనీది. సరేలే, మీ బావ నంబరు ఇవ్వు, ఆయనొక్కడికి పోకుండా చెబుతా."

నంబరు ఇచ్చాను. ఆయన రాసుకున్నాడు కూడా. మరునాడూ పిలుపు వెళ్లింది, ఆ మరునాడూ వెళ్లింది. ఆయన అబద్ధం చెప్పాడనుకోను. ఏ మిషిన్‌లో ఏ మూల చెబితే ఆగుతుందో అప్పటికి ఆయనకూ తెలియదు. మూడు ఊళ్లలో నాలుగు అంతస్తులు ఎక్కిన కంపెనీ అది. అందులో మా బావ ఎక్కడున్నాడో ఎవరు వెతుకుతారు?

ఇక మిగిలింది నేను చెప్పడం. బాయిలర్ దగ్గరికి పోయి చెప్పాను. ఆవిరి తెల్లగా లేస్తోంది, ఉడికిన వడ్ల వాసన. ఆ ఆవిరిలో బావ ముఖం ఒకసారి కనిపించి, ఒకసారి మాయమవుతోంది.

"బావ, ఇగ అటు పోకు. ఆడకు. పొలం అమ్మకు."

ఆవిరి వెనక నుంచి నవ్వు వినిపించింది.

"మంచిగ యాక్షన్ జేస్తున్నవ్ ర! గదే గొంతుతోని మళ్లొకపాలి అను."

"ఒట్టు బావ, నిజంగ చెప్తున్న."

"నువ్వా? నిజంగనా? మా పెండ్లిల పప్పుల ఉప్పేసినోనివి నువ్వే గదర!"

పక్కన బస్తాలు మోసేవాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ. నవ్వాక తెలిసింది నా పరిస్థితి. రమ్మంటే వస్తాడు, వద్దంటే ఇంకా ఉత్సాహంగా వస్తాడు. పుట్టినప్పటి నుంచి నేను ఒక్క మాటా సూటిగా చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే నా దగ్గర అలాంటి మాట ఒక్కటీ లేదు.

గురువారం పొద్దున్నే అక్క వాళ్ల వాకిట్లో నులక మంచం వాల్చి, ముఖం గోడవైపు పెట్టి పడుకున్నాను. టీ తెస్తే తాగలేదు. అన్నానికి పిలిస్తే లేవలేదు. నోరు తెరవలేదు.

పెళ్లిళ్లలో అల్లుడు అలుగుతాడు. ఏదో ఒకటి అడుగుతాడు, అది ఇచ్చేదాకా ముద్ద ముట్టడు, అత్తవారు బతిమాలతారు. అది వాడుక. బావమరిది పోయి బావ వాకిట్లో అలగడం మాత్రం ఎవరూ ఎరుగరు. మిల్లులో పనివాళ్లు టీకి వచ్చినప్పుడల్లా వచ్చి చూశారు.

"ఏమైందంటరు?"

"అలిగిండంట."

"గీయన ఎందుకు అలిగిండు? అలగాల్సింది గాయన గద!"

బావ వచ్చాడు. మొదట చక్కిలిగిలి పెట్టాడు. తర్వాత నా చెప్పులు దాచిపెడతానన్నాడు. నా మీద నేనే వేసుకునే జోకులు కూడా నాకే చెప్పాడు. గోడ మీద ఒక చీమల బారు పోతోంది. పెదవి కొరుక్కుని దాన్నే చూస్తూ పడుకున్నాను. నవ్వు రాలేదని చెప్పను. రెండుసార్లు వచ్చింది, మింగాను. మిల్లు నుంచి ఆవిరి వచ్చి వాకిలంతా తెల్లగా అయ్యేది, మళ్లీ మెల్లగా తేరుకునేది. ఆకలికి తల తేలిపోయి, నేను మంచంలో ఉన్నానో, ఆ బొంతల గదిలో ఉన్నానో కాసేపు తెలియలేదు.

"అరె, నిజంగనే మాట్లాడ్తలేడేందే?" అని బావ అక్కను అడిగాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు. నేను మాట్లాడకుండా ఉండగా ఆయన ఎన్నడూ చూడలేదు.

అప్పుడు ఆయన జేబులో ఫోన్ మోగింది. అలవాటుగా ఎత్తాడు. ఆయన ఫోన్ ఎప్పుడూ అందరికీ వినిపించేంత గట్టిగానే ఉంటుంది.

"బావా, యాడున్నవ్? ఏం జేస్తున్నవ్?"

నేను ఇటు తిరిగాను. మూసిన నోటితో ఆయనను చూశాను. ఆయన నా నోరు చూశాడు, చేతిలో ఫోన్ చూశాడు, మళ్లీ నా నోరు చూశాడు. "మనోళ్లందరు కూసున్నరు. నీ జాగ ఖాళీగున్నది," అంటోంది ఫోన్. చేట పట్టుకుని అక్క గడపలో నిలబడి ఉంది. చివరి మాట కూడా అయిపోయి ఫోన్ దానంతట అదే ఆగింది.

బావ మంచం పట్టె మీద, నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఫోన్ మంచం మీద బోర్లా పెట్టి అన్నాడు:

"అడుగు మరి. అలిగినోడు ఏదో ఒకటి అడగాలె గద."

"పాస్‌బుక్కు," అన్నాను. రోజంతా మాట్లాడక నా గొంతు నాకే కొత్తగా ఉంది. "పొలం పాస్‌బుక్కు అక్క చేతికియ్యి."

లోపలికి పోయాడు. ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడు, చాలాసేపు ఏ చప్పుడూ లేదు, తర్వాత మూసిన చప్పుడు. ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చి అక్కకు ఇచ్చాడు. అక్క దాన్ని తెరిచి చూడలేదు. బియ్యం డబ్బాలో, బియ్యం కిందికి నెట్టి, మూత పెట్టింది. శుక్రవారం ఎవరూ రిజిస్ట్రేషన్‌కు పోలేదు.

నేను కంపెనీ మానేసి మళ్లీ అద్దాలు మార్చుకుంటున్నాను. కంపెనీ మాత్రం నా గొంతుతో ఇంకొన్నేళ్లు పెరిగింది. అవతలి రాష్ట్రంలోనూ, ఆ తర్వాత దేశమంతటా బంద్ అన్నాకే ఆ పిలుపులు ఆగాయి. బావ ఆట పూర్తిగా మానాడా అంటే ఒట్టు పెట్టి చెప్పలేను. ఒక్కోసారి వంతెన దాకా పోయి వస్తాడట, గాలి కోసమంటాడట. పొలం ఉంది. ఈసారి నాటు కూడా పడింది.

ఒక్కటే చిక్కు. నేను ఫోన్ చేసి బావా అంటే చాలు, ఆయన పెట్టేస్తాడు. నిజంగా నేనే బావా అని అరిచినా పెట్టేస్తాడు. అందుకని ఆయనకు ఏ చిన్న సంగతి చెప్పాలన్నా సూర్యాపేటలో బస్సెక్కి మిర్యాలగూడ పోవాలి, మిల్లు గేటు దాటి ఆవిరిలోకి నడవాలి, ఎదురుగా నిలబడాలి. మొన్న అట్లాగే పోతే తల నుంచి కాళ్ల దాకా చూసి, భుజం పట్టుకుని ఒకసారి నొక్కి చూశాడు.

"ఇగ చెప్పు," అన్నాడు.